పగడాల తొట్టికి కొత్త దీపాలు: ముందు హుడ్ సంగతి చూడండి

ప్రశ్న: మా ఇంట్లో నాలుగడుగుల సముద్రపు అక్వేరియం రెండేళ్లుగా నడుస్తోంది. పొడవు 120, వెడల్పు 45, ఎత్తు 50 సెంటీమీటర్లు. అందులో మష్రూమ్ పగడాలు, జోయాంథిడ్‌లు, ఒక లెదర్ పగడం, ఈమధ్యే తెచ్చిన ఒక హామర్ పగడం, రెండు క్లౌన్ చేపలు, ఒక ఫైర్‌ఫిష్ ఉన్నాయి. తొట్టితో పాటు వచ్చిన చెక్క హుడ్‌లో, అంటే దీపాలు బిగించిన మూతపెట్టెలో, 36 వాట్ల టి8 ట్యూబులు రెండు వెలుగుతాయి. హుడ్ లోపలి ఎత్తు 20 సెంటీమీటర్లు, వెనక ఒక చిన్న ఫ్యాను ఉంది. కొన్ని నెలలుగా జోయాంథిడ్‌ల కాడలు పొడుగ్గా సాగుతున్నాయి, రంగులన్నీ గోధుమరంగులోకి తిరుగుతున్నాయి. ముందుముందు ఎక్కువ వెలుతురు కోరే అక్రోపోరా అనే రాతి పగడం పెంచాలని కోరిక. ఒక మిత్రుడు 250 వాట్ల మెటల్ హాలైడ్ పెట్టమంటున్నారు, ఇంకొకరు ఇదే హుడ్‌లో టి5 ట్యూబులు నాలుగు బిగించమంటున్నారు, మరొకరు ఎల్.ఈ.డి. అంటున్నారు. వీటిలో ఏది సరైనది? పాత హుడ్‌నే వాడుకోవచ్చా? దీపాలు మార్చిన రోజే పగడాలను పైకి జరపవచ్చా?

సమాధానం: మీ మూడు ప్రశ్నలకూ ముందు సూటిగా జవాబు చెప్పి, తరువాత కారణాలలోకి వెళ్తాను. మీ తొట్టికీ, మీ కోరికకూ సరిపడేది ఎల్.ఈ.డి.; అయితే దానిని ఇప్పుడున్న 20 సెంటీమీటర్ల హుడ్‌లో ఇరికించకూడదు, హుడ్ పైకప్పు తీసేసి నీటికి తగినంత ఎత్తులో వేలాడదీయాలి. హుడ్ ఉన్నది ఉన్నట్టుగా ఉండాలని ఇంట్లో పట్టుబడితే టి5 ట్యూబులు పెట్టుకోవచ్చు గాని, అందుకు ఆ పెట్టెకు కొంత మరమ్మతు కావాలి. మెటల్ హాలైడ్ మాత్రం అందులో వద్దే వద్దు. ఇక పగడాలను అదే రోజు పైకి జరపడం అన్నది, మీరు అడిగిన వాటన్నిటిలోకీ ఎక్కువ నష్టం చేసే పని.

ముందు మీ జోయాంథిడ్‌లు ఏం చెబుతున్నాయో చూద్దాం. పగడం జంతువే అయినా, దాని ఆహారంలో పెద్ద భాగాన్ని దాని కణాల్లోనే కాపురముండే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు వండిపెడతాయి. వాటికి వెలుతురు చాలనప్పుడు కాడ ఉన్న పగడం దీపం వైపు సాగుతుంది. అదే సమయంలో, అందే కొద్దిపాటి వెలుతురును జారిపోనివ్వకుండా పట్టుకోవడానికి శైవలాల సంఖ్యనూ, వాటిలోని రంగు పదార్థాన్నీ పెంచుకుంటుంది. ఆ శైవలాల సహజమైన రంగు గోధుమ కనుక పగడం సొంత రంగులు వాటి వెనక మరుగున పడిపోతాయి. కాబట్టి మీ అనుమానం సరైనదే, మీ తొట్టిలో వెలుతురు తక్కువగానే ఉంది. అందులోనూ ట్యూబులు వేసి ఏడాది దాటి ఉంటే, కంటికి బాగానే వెలుగుతున్నట్టు కనిపించినా వాటి బలం ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది.

చాలామంది పొరపడేది ఈ దశలోనే. గోధుమరంగుకు తిరిగిన పగడం వెలుతురు కోసం అలమటిస్తోంది కాబట్టి ఎంత ఇస్తే అంత తీసుకుంటుందని అనుకుంటారు. నిజానికి ఒంటినిండా శైవలాలు నింపుకున్న ఆ పగడమే, హఠాత్తుగా పెరిగిన వెలుతురుకు అన్నిటికంటే ముందు దెబ్బతింటుంది. కిరణజన్య సంయోగక్రియ తాను వాడుకోగలిగిన దానికి మించి కాంతి వచ్చిపడితే, మిగిలిన శక్తి ఆక్సిజన్‌ను హానికరమైన రూపాల్లోకి మారుస్తుంది, అవి కణజాలాన్ని కాల్చేస్తాయి. శైవలాలు ఎంత ఎక్కువ ఉంటే ఆ మంట అంత ఎక్కువ. తట్టుకోలేని పగడం చివరికి తనకు అన్నం పెట్టే శైవలాలనే బయటికి నెట్టేసి తెల్లబడిపోతుంది. తక్కువ వెలుతురుకు అలవాటు పడడానికి దానికి ఎన్ని వారాలు పట్టిందో, ఎక్కువ వెలుతురుకు అలవాటు పడడానికీ ఇంచుమించు అన్ని వారాలు ఇవ్వాలి.

ఈ సంగతి నేను ఎక్కడా చదవకముందే నా తొట్టిలో చూశాను. ఒక సాయంత్రం పాత ట్యూబులు తీసేసి, కొత్త దీపాన్ని పూర్తి బలంతో వెలిగించాను. రెండు రోజులు తొట్టి కళకళలాడింది. మూడో రోజు ఉదయం హామర్ పగడం విచ్చుకోలేదు. సుత్తి తలల్లా వంగి ఊగే దాని కొనలు నలిగిన గుడ్డలా ముడుచుకుని ఉన్నాయి. వారం తిరిగేసరికి దీపం వైపున్న సగం పాలిపోయి, పల్చబడిన కండ కింద నుంచి తెల్లటి అస్థిపంజరపు పలకలు ఒక్కొక్కటిగా పైకి తేలాయి. రాతి నీడన ఉన్న రెండో సగం మాత్రం ఎప్పటిలాగే గోధుమరంగులో నిండుగా ఊగుతూ ఉంది. పగడం ఒకటే, నీరు ఒకటే, తేడా వెలుతురులో మాత్రమే. ఆ మొదటి సగాన్ని నేను దక్కించుకోలేకపోయాను. మీ హామర్ పగడం కొత్తదని రాశారు కనుక, ఈ మార్పులో దానినే అందరికంటే కనిపెట్టుకుని ఉండమని నా మనవి.

ఏ దీపం అని ఆలోచించే ముందు, ఎంత వెలుతురు అన్నది తేలాలి. లీటరుకు ఇన్ని వాట్లు అనే పాత లెక్కను వదిలేయండి. వాటు అంటే దీపం తినే కరెంటు, పగడానికి అందే వెలుతురు కాదు. ఫోనులో లక్స్ చూపించే ఆప్‌లూ ఇక్కడ పనికిరావు, ఎందుకంటే లక్స్ మనిషి కంటి కోసం పుట్టిన కొలత. పగటి వెలుతురులో మన కన్ను 555 నానోమీటర్ల దగ్గరి, పసుపు కలిసిన ఆకుపచ్చ కాంతిని అన్నిటికంటే బాగా పట్టుకుంటుంది, పగడాలకు ఎక్కువగా పనికొచ్చే నీలి కాంతిని చాలా తక్కువగా లెక్కిస్తుంది. పగడాల విషయంలో చూడవలసింది పార్ అనే కొలత. అది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతి కణాలు ఒక చదరపు మీటరు మీద ఒక సెకనులో ఎన్ని మైక్రోమోళ్లు పడుతున్నాయో చెబుతుంది. ఉష్ణమండలపు సముద్రం మీద మిట్టమధ్యాహ్నం ఇది 2,000 దరిదాపులకు చేరుతుంది. తొట్టిలో అంత అక్కర లేదు. పెంపకందారులు సాధారణంగా పాటించే లెక్కలో మష్రూమ్‌లకు 50 నుంచి 100, జోయాంథిడ్‌లకూ, లెదర్‌కూ, హామర్‌కూ 80 నుంచి 150, మాంటిపోరా అనే రాతి పగడానికి 150 నుంచి 250, అక్రోపోరాకు 250 నుంచి 350 సరిపోతాయి. పార్ మీటరు కొనడం అందరికీ సాధ్యం కాదు గాని, ఒక వారాంతానికి ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోవడానికి గట్టిగా ప్రయత్నించండి. పాత రకం మీటర్లలో కొన్ని నీలి కాంతిని ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి కనుక, ఎల్.ఈ.డి. కొలవడానికి తగినదేనా అని అడిగి మరీ తెచ్చుకోండి.

కొలవవలసిన రోజు కొత్త దీపం వచ్చిన రోజు కాదు, పాత ట్యూబులు ఇంకా వెలుగుతున్న రోజు. సెన్సరును ప్రతి పగడం పక్కనా, అది ఉన్న లోతులోనే పెట్టి, వచ్చిన అంకెను కాగితం మీద రాసుకోండి. తరువాత చేయబోయేదంతా ఆ కాగితాన్ని బట్టే ఉంటుంది.

ఇక హుడ్. రాత్రి దీపాలు ఆర్పి, ప్లగ్గు పీకి, ట్యూబులు చల్లారాక హుడ్‌ను తలకిందులు చేసి టార్చి వేసి చూడండి. ట్యూబుల చివర్లలో తెల్లటి ఉప్పు పొక్కులు పేరుకుని ఉంటాయి. వేలు తగిలిస్తే కొన్ని పొడిగా రాలిపోతాయి, కొన్ని తడిగా, జిగటగా అంటుకుంటాయి. ఆ తడి ఉప్పుతోనే ప్రమాదం, అది కరెంటును మోస్తుంది. ప్లైవుడ్ అంచుల్లో పొరలు ఉబ్బి విచ్చుకుంటున్నాయేమో చూడండి. కీళ్లు ఇత్తడివైతే వాటి చుట్టూ ఆకుపచ్చని చిలుము పట్టి ఉంటుంది. చిలుములో ఉన్నది రాగి; చేపలు తట్టుకునే మోతాదులో కూడా రాగి పగడాలనూ, రొయ్యలనూ, నత్తలనూ చంపగలదు. హుడ్ లోపల పేరుకున్న ఆవిరి చుక్కలై ఆ కీళ్ల మీదుగా తిరిగి తొట్టిలోకే జారుతుంది. దీపాల మాట తేలకముందే ఆ కీళ్లను తీసేసి, ప్లాస్టిక్‌వి గాని 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి గాని వేయించండి. మీరు రాసిన లక్షణాల్లో ఎంత భాగం వెలుతురు వల్లో, ఎంత భాగం ఇలాంటి కారణాల వల్లో ఇక్కడి నుంచి నేను చెప్పలేను, అయినా ఇది వాయిదా వేయదగ్గ పని కాదు.

తొట్టికీ ట్యూబులకూ మధ్య అద్దం ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే దాని మీద పేరుకునే ఉప్పు మరకలు, సున్నపు పొర కంటికి మసకగా మాత్రమే తోస్తాయి గాని, కింద పగడానికి చేరే వెలుతురును బాగా తగ్గిస్తాయి. ఒక మెత్తటి గుడ్డను మంచినీటిలో ముంచి, తెల్లమరకలు వదలకపోతే కాస్త వెనిగర్ కలిపి, అద్దాన్ని తొట్టి మీద నుంచి పక్కకు తీసి, వారానికోసారి తుడవాలి. తుడవక ముందూ, తుడిచాకా ఒకసారి మీటరు పెట్టి చూస్తే, ఆ వారం పని మీరు ఇంకెప్పుడూ మానరు.

మెటల్ హాలైడ్ గురించి. అది చెడ్డ దీపమని కాదు. కదిలే నీటి నీడలు ఇసుక మీద నాట్యమాడే ఆ వెలుగును ఇష్టపడి ఏళ్ల తరబడి దానితోనే అద్భుతమైన పగడాలు పెంచినవారున్నారు. కాని దాని వేడి బల్బు దగ్గర ఆగదు, కిరణాలుగా నేరుగా నీటిలోకి దిగుతుంది. 250 వాట్ల బల్బుకు నీటి నుంచి కనీసం 25, 30 సెంటీమీటర్ల ఎడం ఉండాలి, మీ పెట్టె ఎత్తే 20. అంత దగ్గర్లో మండే బల్బు మీద ఒక్క చల్లటి నీటి చుక్క చిందినా గాజు పగిలిపోవచ్చు, చుట్టూ ఉన్నదేమో ఎండిన చెక్క. రెండు చివర్లా బిగించే రకం బల్బులకు అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం తప్పనిసరి. అది లేకుండా వెలిగిస్తే పగడాలు కాలిపోతాయి, మీ కళ్లకూ చర్మానికీ మంచిది కాదు. పైగా 120 సెంటీమీటర్ల పొడవుకు ఒక్క బల్బు చాలదు, రెండు కావాలి. మీ మిత్రుడు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కాని ఆ సలహా ఎత్తుగా వేలాడే లైటుకు సరిపోతుందేమో గాని మూతపెట్టిన పెట్టెకు సరిపోదు.

టి5 సంగతి వేరు. పగడాల తొట్టెలకు టి5 ఇప్పటికీ నమ్మకమైన దీపమే. వెలుతురు తొట్టి పొడవునా సమంగా పరుచుకుంటుంది, నీడలు గట్టిగా పడవు, పగడం అడుగు భాగాలకు కూడా కొంత కాంతి అందుతుంది. ఎక్కువ వెలుతురునిచ్చే నాలుగడుగుల రకం 54 వాట్లది, పొడవు 1149 మిల్లీమీటర్లు, లావు 16 మిల్లీమీటర్లు. అవి నాలుగు పెడితే 216 వాట్లు, అంటే ఇప్పుడున్న 72 వాట్లకు మూడింతలు, ఆ వేడంతా అదే పెట్టెలో చేరుతుంది. టి5 ట్యూబు తన చుట్టూ గాలి 35 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు అత్యధికంగా వెలుగుతుంది. అంతకు మించి వేడెక్కినా, మరీ చల్లబడినా వెలుతురు తగ్గుతుంది. గాలి ఆడని హుడ్‌లో నాలుగు ట్యూబులు వెలిగిస్తే పెట్టిన కరెంటుకు తగిన ఫలితం ఉండదు, ఆ వేడికి తొట్టి నీరు కూడా 25, 27 డిగ్రీల మధ్య నిలవదు. అందుకని ఈ దారి ఎంచుకుంటే ఒక చివర గాలిని లోపలికి తెచ్చే ఫ్యాను, రెండో చివర బయటికి పంపే ఫ్యాను పెట్టించండి, గాలి ట్యూబుల మీదికి నేరుగా విసరకుండా నీటికీ ట్యూబులకూ మధ్య నుంచి సాగేటట్టు చూడండి. ప్రతి ట్యూబుకూ విడిగా వంపు తిరిగిన అద్దంలాంటి రిఫ్లెక్టరు ఉండాలి. నాలుగింటికీ కలిపి ఒక తెల్ల రేకు పెడితే, పైకి పోయిన వెలుతురు ట్యూబులకే తగిలి వృథా అవుతుంది. ట్యూబులను తొమ్మిది నుంచి పన్నెండు నెలలకోసారి మార్చాలి, అదీ నాలుగూ ఒకేసారి కాకుండా రెండు మూడు వారాల ఎడంతో ఒక్కొక్కటి మార్చాలి.

అయినా మీకు టి5 ను మొదటి మాటగా చెప్పలేకపోవడానికి మరొక కారణం ఉంది. పాదరసం వాడకాన్ని తగ్గించేందుకు కుదిరిన మినమాటా ఒప్పందంలోని దేశాలు 2023 లో జెనీవాలో సమావేశమై, సాధారణ వెలుతురు కోసం వాడే ఫ్లోరసెంట్ ట్యూబుల తయారీనీ, ఎగుమతి దిగుమతులనూ 2027 నాటికి ముగించాలని నిర్ణయించాయి. అక్వేరియం కోసం చేసే ప్రత్యేకమైన ట్యూబులు ఆ తరువాతా కొంతకాలం దొరకవచ్చు, కాని ఏటా కొత్త ట్యూబులు కావలసిన దీపాన్ని ఇప్పుడు కొత్తగా బిగించుకోవడం దూరదృష్టి అనిపించుకోదు.

ఎల్.ఈ.డి. కి వద్దాం. పగడాల దీపంగా ఇది నిలదొక్కుకున్నది నీలి ఎల్.ఈ.డి. వల్లే. ఎరుపు, ఆకుపచ్చ ఎల్.ఈ.డి.లు చాలా ముందు నుంచి ఉన్నా, ప్రకాశవంతమైన నీలం 1990ల మొదట్లో గాని రాలేదు. దాన్ని సాధించిన ఇసాము అకాసాకి, హిరోషి అమానో, షూజీ నకమురాలకు 2014 లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. సముద్రంలో లోతుకు వెళ్లేకొద్దీ ఎర్రటి కాంతిని నీరే మింగేస్తుంది, మిగిలేది నీలం. జూజాంథెల్లే ఆ నీలంలోనే బతకడానికి అమరి ఉన్నాయి. అందువల్ల 420 నుంచి 480 నానోమీటర్ల నీలి, ఊదా చానళ్లు (విడిగా పెంచి తగ్గించుకోగల రంగుల వరుసలు) బలంగా ఉండి, తెలుపు చానల్ విడిగా తగ్గించుకోగలిగిన దీపాన్ని ఎంచుకోండి. ఎరుపు, ఆకుపచ్చ చానళ్లు కొద్దిగా ఉంటే చూపుకు బాగుంటుంది గాని, వాటిని పెంచితే పగడాల కంటే నాచు ముందు సంబరపడుతుంది.

నీలి కాంతితో ఒక మోసం ఉంది, దాన్ని మాత్రం గుర్తుపెట్టుకోండి. మన కంటికి నీలం మసకగా తోస్తుంది. తొట్టి చీకటిగా ఉందనుకుని చానల్‌ను పెంచుకుంటూ పోతాం, పగడం దగ్గర పార్ మాత్రం అప్పటికే రెట్టింపు దాటి ఉంటుంది. ఎల్.ఈ.డి. తో పగడాలు కాల్చుకున్నామని చెప్పే వారిలో ఎక్కువమంది కథ ఇదే.

ఎల్.ఈ.డి. నీటిలోకి వేడిని పెద్దగా పంపదు, వేడంతా దాని వీపు వైపునుంచి పోతుంది. వీపు వైపున గాలి ఆడాలి. మూసిన హుడ్‌లో పెడితే దాని ఫ్యాను తాను వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది, దానితో పాటు ఉప్పు తేమనూ పీల్చుకుంటుంది. అలా ఏడాది తిరగకుండానే పాడైన మంచి దీపాలను చూశాను. రెండో ఇబ్బంది ఎత్తు. చిన్న చిన్న బిందువుల నుంచి వచ్చే కాంతి పరుచుకోవడానికి చోటు కావాలి. పది పన్నెండు సెంటీమీటర్ల ఎత్తులో పెడితే దీపం కింద ఒక పళ్లెమంత మేర మండిపోతుంది, మూలలు చీకట్లోనే ఉంటాయి. నీటికి 25 నుంచి 30 సెంటీమీటర్ల పైన వేలాడదీస్తే ఒక్కొక్క దీపం సుమారు 60 సెంటీమీటర్ల పొడవును చూసుకుంటుంది, కనుక మీ తొట్టికి ఒకే పెద్ద దీపం కంటే రెండు మధ్యరకం దీపాలు మేలు.

పాత హుడ్‌ను పారేయనక్కర లేదు. దాని పైపలకను కోయించేసి, చుట్టూ ఉన్న చట్రాన్ని అలాగే తొట్టి మీద కూర్చోబెట్టండి. వేలాడే దీపాల వెలుగు గదిలో కూర్చున్నవారి కళ్లలో గుచ్చుకోకుండా ఆ చట్రం అడ్డుకుంటుంది, వేడి ఎటూ నిలవదు, అందమూ చెడదు. లోపలి వైపు నీటికి తట్టుకునే తెల్ల రంగు రెండు పూతలు వేయించి, వాసన పూర్తిగా పోయాకే తొట్టి మీదికి ఎక్కించండి. ఒక్క జాగ్రత్త: ఫైర్‌ఫిష్ బెదిరితే ఎగురుతుంది. పైకప్పు తీసిన రోజు రాత్రే అది నేల మీద పడి ఉండవచ్చు. చట్రానికి సరిపడేలా అర సెంటీమీటరు కళ్ల పారదర్శకమైన నైలాన్ వల బిగించిన తరువాతే పైపలక తీయండి.

కరెంటు విషయంలో క్లుప్తంగానే అయినా గట్టిగా చెబుతున్నాను. ఎల్.ఈ.డి. కి కరెంటు అందించే డ్రైవరు గాని, ట్యూబులకు అందించే బాలాస్టు గాని నీటికి పైన ఉండకూడదు, తొట్టి పక్కన ఎత్తులో గోడకు బిగించాలి. ప్రతి తీగ ప్లగ్గుకు చేరేముందు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి లేవాలి, అప్పుడు తీగ వెంట జారిన నీరు ఆ వంపులోనే చుక్కగా రాలిపోతుంది. తొట్టికి వెళ్లే లైను మొత్తానికి 30 మిల్లీయాంపియర్ల లీకేజీకే సరఫరా తెంచే ఆర్.సి.సి.బి. ఉండి తీరాలి. వేలాడదీసే కొక్కేలను చెక్క చట్రానికి కాకుండా పైకప్పుకో, గోడ బ్రాకెట్టుకో బిగించండి.

ఇప్పుడు మార్చే పద్ధతి. పాత ట్యూబుల కింద ఒక పగడం దగ్గర పార్ 60 వచ్చిందనుకుందాం. కొత్త ఎల్.ఈ.డి. ని అదే చోట అదే 60 వచ్చేదాకా తగ్గించి మొదలుపెట్టండి. తొట్టి మీరు ఊహించినంత అందంగా కనిపించదు, ఓర్చుకోండి. రెండు వారాలు అలాగే ఉంచి, అక్కడి నుంచి వారానికి పదో వంతుకు మించకుండా పెంచండి. ఆ లెక్కన 60 నుంచి 150 చేరడానికి పది వారాలు పడుతుంది. చాలామంది దీన్ని నాలుగు వారాల్లో ముగిస్తారు, పగడాలు తట్టుకుంటాయి కూడా. కాని గోధుమరంగుకు తిరిగిన పగడాలూ, కొత్త హామరూ ఉన్న మీ తొట్టికి పది వారాలే సబబని నా అభిప్రాయం. మీటరు ఎంతకీ దొరకకపోతే దీపాన్ని 20 శాతంతో మొదలుపెట్టి, పెంచే వేగాన్ని ఇంకా తగ్గించండి. మామూలు బాలాస్టుతో టి5 పెట్టుకుంటే తగ్గించే వీలుండదు కనుక, దోమతెర గుడ్డను నాలుగైదు మడతలుగా ట్యూబుల కింద కట్టి, వారానికో మడత తీస్తూ రావచ్చు.

రోజుకు ఎనిమిది, తొమ్మిది గంటల పూర్తి వెలుతురు చాలు. పార్ 100 చొప్పున పది గంటలు ఇస్తే చదరపు మీటరుకు రోజుకు 3.6 మోళ్ల కాంతి అందినట్టు. తీవ్రత రెట్టింపైతే ఆ మోతాదూ రెట్టింపవుతుంది. తీవ్రత పెంచిన వారంలో గంటలు కూడా పెంచకండి.

ఈ పది వారాల్లో పగడం ఏదైనా పాలిపోతున్నట్టు తోస్తే, ఎక్కడ పాలిపోతోందో దగ్గరగా చూడండి. పైకి, దీపం వైపుకు తిరిగిన భాగమే తెల్లబడి, నీడన ఉన్న భాగం బాగుంటే అది వెలుతురు ఎక్కువైన గుర్తు. దీపం వెలుతురును వెంటనే రెండు వారాల పెంపు మేరకు తగ్గించి, రెండు వారాలు మార్చకండి. పగడం అంతటా ఒకే తీరున పల్చబడుతుంటే నీటిలో పోషకాలు మరీ తక్కువయ్యాయేమో చూడాలి. నైట్రేటు 5 నుంచి 10, ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 పి.పి.ఎం. (పది లక్షల్లో ఇన్ని వంతులు) మధ్య ఉంటే మంచిది. రెండూ సున్నాకు పడిపోయిన తొట్టిలో వెలుతురు పెంచడం ఆకలితో ఉన్నవారి చేత బరువు మోయించడమే.

వెలుతురు పెరిగితే తొట్టి జీవితం మొత్తం వేగం అందుకుంటుందన్న సంగతిని దీపాల మోజులో మరిచిపోతుంటాం. రాతి పగడం ఎదిగేకొద్దీ నీటిలోని ఆల్కలినిటీనీ (ముఖ్యంగా బైకార్బొనేట్ల మోతాదు), కాల్షియాన్నీ తీసుకుని అస్థిపంజరం కట్టుకుంటుంది. ఆల్కలినిటీ, దాన్ని కొలిచే డి.కె.హెచ్. లెక్కలో, 2.8 తగ్గితే దానితో పాటు కాల్షియం సుమారు 20 పి.పి.ఎం. తగ్గుతుంది. ఇప్పటిదాకా నీరు మార్చడంతోనే సరిపోయిన మీ తొట్టికి, ముఖ్యంగా మాంటిపోరా చేరాక, అది చాలదు. దీపాలు పెంచుతున్న కాలంలో రెండు రోజులకోసారి ఆల్కలినిటీ కొలిచి రాసుకోండి, 8 నుంచి 9 డి.కె.హెచ్. మధ్య ఎక్కడో ఒకచోట నిలకడగా ఉంచండి. అంకె కంటే నిలకడ ముఖ్యం. హుడ్ తెరిచాక ఆవిరి కూడా ఎక్కువవుతుంది. ఒక లీటరు నీరు ఆవిరవుతూ ఇంచుమించు 0.67 యూనిట్ల వేడిని వెంట తీసుకుపోతుంది కనుక తొట్టి చల్లబడడానికి అది మేలే, కాని పోయింది మంచినీరు మాత్రమే, ఉప్పు తొట్టిలోనే ఉంది. ఆ లోటును ప్రతిరోజూ ఆర్.ఓ. మంచినీటితోనే పూరించాలి, ఉప్పునీటితో కాదు.

అక్రోపోరా విషయంలో మిమ్మల్ని నిరుత్సాహపరచను. 50 సెంటీమీటర్ల ఎత్తు తొట్టిలో, రెండు ఎల్.ఈ.డి.ల కింద, రాళ్ల పైభాగంలో దానికి తగిన 250 పార్ వస్తుంది. కాని ముందు మాంటిపోరా ముక్క ఒకటి తెచ్చి, తొట్టి మధ్య ఎత్తులో పెట్టి, మూడు నెలలు చూడండి. దాని అంచున తెల్లటి సన్నని ఎదుగుదల గీత నిలకడగా కనిపిస్తూ, ఆల్కలినిటీ మీ కాగితం మీద ఊగకుండా ఉంటే అప్పుడు అక్రోపోరా తెచ్చుకోండి. ఆ లోగా ఉన్న పగడాల్లో ఏదీ జరపనక్కర లేదు. కాడలు సాగిన జోయాంథిడ్‌లు ఉన్నచోటే పొట్టివై, కొత్తగా పుట్టే మొగ్గలు రాతికి అంటుకుని విచ్చుకుంటాయి. మష్రూమ్‌లకు మాత్రం వెలుతురు ఎక్కువైతే రాతి నీడ వైపు మీరే సర్దాల్సి రావచ్చు.

పాత ట్యూబులనూ, వాటి పట్టీలనూ ఈ పది వారాలూ అమ్మకండి, పారేయకండి. పొడిగా తుడిచి పక్కన పెట్టుకోండి. కొత్త దీపం డ్రైవరు కాలిపోయినా, హామర్ తట్టుకోలేకపోయినా, ఆ రాత్రికి మీ పగడాలు ఎరిగిన వెలుతురు అదొక్కటే. ఆ తరువాత ఆ ట్యూబులను చెత్తబుట్టలో వేయకుండా, పాదరసం ఉన్న వ్యర్థాలను విడిగా తీసుకునే చోట అప్పగించండి.